వలల కొట్టులో పెద్దదీ, చిన్నదీ

మా మనవరాలు తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. పోయిన సోమవారం సాయంత్రం నాలుగుంబావుకి ఒక అట్టపెట్టె పట్టుకుని ఇంటికొచ్చింది. పెట్టెలో పిల్లిపిల్ల. కాంటీన్ వెనక గ్యాస్ సిలిండర్ల సందులో ఇరుక్కుని అరుస్తుంటే తెచ్చిందట. మా ఇంట్లో ముందే ఒక పిల్లి ఉంది. ఆరేళ్ళ మూడు నెలలది. అది పెట్టె దగ్గరకొచ్చి ఒకసారి వాసన చూసింది, ఒంటి మీది వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి, వెళ్ళి ఫ్రిజ్ మీద కూర్చుంది. ఇరవై ఆరు గంటలు కిందికి దిగలేదు.

"రెండిటినీ వేరువేరు గదుల్లో పెట్టాలంట అమ్మమ్మా. ముందు ఒకదాని వాసన ఇంకోదానికి అలవాటు చెయ్యాలంట," అని మనవరాలు ఫోన్ చూసి చదివింది. తన పాత సాక్సు ఒకటి తెచ్చి పిల్లిపిల్ల బుగ్గలకీ మెడకీ రుద్ది, ఫ్రిజ్ మీద పెద్ద పిల్లి పక్కన పెట్టింది. పెద్ద పిల్లి దాన్ని కాలితో కిందికి తోసింది. మనవరాలు మళ్ళీ పెట్టింది. అది మళ్ళీ తోసింది. అలా నాలుగుసార్లు.

"ఎన్నాళ్ళు పడుతుందని ఉంది అందులో?" అని అడిగాను.

"రెండు వారాలు. కొన్నిటికి రెండు నెలలైనా పట్టొచ్చంట."

"మాకు పద్దెనిమిది రోజులే ఇచ్చారు."

"ఎవరికి?"

"నాకూ, ఒక పిల్లికీ," అన్నాను. అప్పటికే ఆ సాక్సు వంక చూస్తుంటే నాకు ముక్కుల్లో తుమ్మచెక్క వాసన వేస్తోంది.

మా అమ్మమ్మగారి ఊరు కొల్లేటి ఒడ్డున, మండవల్లికి దిగువన. మేముండేది ఏలూరులో. బడికి వేసవి సెలవులివ్వగానే నాన్న నన్ను మండవల్లి దాకా బస్సులో తెచ్చేవాడు. అక్కడినుంచి గట్టు మీద నడక. సెలవులు నలభై అయిదు రోజులు. ఇప్పుడు చెప్పేది జరిగింది ఏ సంవత్సరమో నాకు తెలుసు, ఏ వారమో కూడా చెప్పగలను. రాస్తే వేళ్ళు మడిచి నా వయసు లెక్కగట్టేవాళ్ళున్నారు కనక రాయను. నాకప్పటికి తొమ్మిది నిండాయని చెబితే చాలు.

వేసవిలో కొల్లేరు వెనక్కి తగ్గేది. వానాకాలంలో మా పెరటిమెట్టు దాకా వచ్చే నీళ్ళు, ఎండలకి అరమైలు దూరం వెళ్ళిపోయేవి. మధ్యలో నల్లటి బురద, పగుళ్ళు తీసిన నేల, ఎండిపోయిన కిక్కిస గడ్డి. మధ్యాహ్నం గాలి మళ్ళితే నాచు వాసన, ఆరబెట్టిన చేపల వాసన కలిసి ఇంట్లోకొచ్చేవి. ఏలూరు నుంచి వెళ్ళిన మొదటి రోజు ముక్కు మూసుకునేదాన్ని. రెండో రోజుకి ఆ వాసనే తెలిసేది కాదు.

తాతయ్య చేపల వేట చేసేవారు. ఇంటి పక్కన మట్టిగోడలతో, కిక్కిస కప్పుతో ఒక కొట్టు ఉండేది. అందులో వలలు. ఇప్పటిలా నైలాను వలలు కావు, పత్తినూలు వలలు. నూలు కనక తడికి కుళ్ళిపోతుంది, పురుగు పడుతుంది. అందుకని ఏటా వేసవిలో ఒక రోజు చూసుకుని వలలన్నిటినీ తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో వేసి ఉడకేసేవారు. వల ఎర్రమట్టి రంగు తిరిగి గట్టిపడేది. ఊళ్ళో వేటకెళ్ళే ప్రతి ఇంటికీ అది ఏడాదికొక పెద్ద పని.

నూలు వలలకి నీళ్ళ తర్వాత శత్రువు ఎలుక. చేపల నీచు పట్టిన నూలంటే ఎలుకలకి ప్రాణం. అందుకని వలల కొట్టులో పిల్లి ఉండాలి. మా కొట్టులో ఉన్నది బూడిదరంగు మీద నల్లచారల ఆడపిల్లి. దాని వయసు పదకొండేళ్ళని అమ్మమ్మ లెక్క. కొట్టు మూలన, పడవ నడిపే గెడల కింద, నాలుగు మడతలు వేసిన పాత వల ముక్క ఒకటి ఉండేది. అదే దాని పడక. నేను నడక నేర్చుకున్నది దాని వెనకాలేనట. మా ఇంట్లో పిల్లులకి పేర్లు పెట్టే అలవాటు లేదు. అప్పటికి అది ఒక్కటే కనక పిల్లి అంటే సరిపోయేది.

ఆ ఏడు నేను వెళ్ళిన మూడో రోజు తాతయ్య పెద్ద వలని దూలం మీంచి దింపి వాకిట్లో పరిచారు. చిల్లులు. నేను కూర్చుని లెక్కపెట్టాను.

"పన్నెండు తాతయ్యా."

ఆయన వంగి ఒక్కొక్కటీ వేలితో తడిమి చూశారు. "ఇది గెడ తగిలి పడింది, పోయినేటిది. ఎలక కొట్టినయ్యి పదకొండే." ఆయన లెక్క ఎప్పుడూ నా లెక్కకి ఒకటి తేడాగా, సరిగ్గా ఉండేది. పిల్లి వంక తిరిగి, "దీనికి చెవులు పన్జేత్తన్నాయి గానీ కాళ్ళు పన్జెయ్యట్లేదు. ఎలక చప్పుడు ఇంటది, తల తిప్పి చూత్తాది, పడుకుంటది," అన్నారు.

మర్నాడు నూలు కోసం కైకలూరు వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు మూతగంపలో ఒక పిల్లిపిల్లని తెచ్చారు. దారి గుర్తుపట్టకుండా గంప మీద తడిగుడ్డ కప్పారు. రైసుమిల్లులో పెరిగే పిల్లి సంతానమట, ఎలకల వేట దాని రక్తంలోనే ఉందట. తెల్లటి ఒంటి మీద మూడు పసుపు మచ్చలు. అమ్మమ్మ దాన్ని పొయ్యి చుట్టూ మూడుసార్లు తిప్పి, నాలుగు పాదాలకీ పొయ్యిబూడిద రాసింది. అలా చేస్తే ఇల్లు వదిలిపోదని ఆవిడ నమ్మకం. ఆ రోజునుంచీ మాకు పెద్దది, చిన్నది.

చిన్నది ఇల్లు వదలలేదు సరే, కొట్టులోకి మాత్రం అడుగుపెట్టలేకపోయింది. గుమ్మం దాటగానే పెద్దది దాని ముక్కు మీద ఒక్కటిచ్చింది. రక్తం చిమ్మింది. చిన్నది వెళ్ళి తను వచ్చిన గంపలోనే దూరింది. రెండు రోజులు ఇదే తంతు. చిన్నదాన్ని తరమడమే పనిగా పెట్టుకుని పెద్దది గుమ్మంలో కాపలా కూర్చుంది. వెనకాల ఎలుకలు మరో రెండు చిల్లులు చేశాయి.

ఆ సాయంత్రం అరుగు మీద తాతయ్య అన్నం తింటున్నారు. మామిడికాయ ముక్కలేసిన మట్టగిడస చేపల పులుసు. అమ్మమ్మ వడ్డిస్తోంది.

"వలలు ఉడకేసే రోజు ఎప్పుడొత్తందే?"

"పున్నమెళ్ళిన రెండో నాడు కదండీ. రేపు అమాస. ఇయ్యాల్టికి పద్దెనిమిది రోజులుంది."

"ఆ రోజుకి రెండూ కొట్లో ఒక చోట ఉంటే ఉంటాయి. లేదంటే పెద్దదాన్ని లంకలో మా చెల్లెలింటికాడ దింపొత్తాను. ఒక్కటే ఉండాలంటే పన్జేసేదే ఉండాలి."

ఆయన కోపంగా అనలేదు. గెడ విరిగిందనో, దోనె పడవ కారుతోందనో చెప్పినట్టు చెప్పారు.

"చిన్నదాన్నే మిల్లుకి ఇచ్చెయ్యండి తాతయ్యా."

"మరి వలలకి కాపలా నువ్వుంటావా?"

"ఉంటాను."

"బడి తెరిచాకో?"

ఆ లంక నేను చూశాను. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఎత్తు మీద పాతిక ఇళ్ళు, ఇంటికి రెండేసి కుక్కలు. వాన ఎక్కువైతే చూరుల దాకా నీళ్ళొస్తాయని అక్కడివాళ్ళే చెబుతుంటారు. పదకొండేళ్ళు ఒకే మూలన పడుకున్న పిల్లిని తీసుకెళ్ళి ఆ కుక్కల మధ్య దింపుతారు. తాతయ్య అన్నారంటే చేస్తారు. తలుపు వెనక బొగ్గుతో పద్దెనిమిది గీతలు గీసుకున్నాను. రోజుకొకటి కొట్టేద్దామని.

మొదటి గీత మొత్తం వృథా. పక్కింటి అత్త చెప్పిందని చేసిన పని అది. ఆవిడకి రెండు గేదెలుండేవి, అన్నిటికీ ఒక సలహా ఉండేది. "పిల్లులంటే ఏముందే అమ్మడూ, చేపకి లొంగని పిల్లుంటదా?" అంది. నేను ఇంకాస్త తెలివి ఉపయోగించాను. చేప పెద్దదానికిష్టం కాబట్టి, చిన్నదే చేపలా వాసనొస్తే చిన్నదన్నా ఇష్టం పుడుతుంది. అమ్మమ్మ బొమ్మిడాయిలు తోముతుంటే ఆ జిగురంతా కొబ్బరి చిప్పలోకి ఎత్తి, చిన్నదానికి తల నుంచి తోక దాకా పట్టించాను.

పెద్దది గుమ్మంలోంచి కదలనైనా లేదు. ఊళ్ళో పిల్లులు వచ్చాయి. మావి కాక ఏడు. చిన్నది కిక్కిస మోపు మీదికెక్కి అరుస్తుంటే కింద ఆ ఏడూ ఒకదానినొకటి రక్కుకున్నాయి. తాతయ్య గెడ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. అమ్మమ్మ చిన్నదాన్ని కుంకుడు నురగతో కడుగుతూ, నవ్వాపుకోలేక అంది:

"ఈ ఊళ్ళో పిల్లికి చేప చూపిత్తావటే? ఏలూరు తెలివితేటలు! మనకి అన్నమెంతో దానికి చేపంత. రోజూ తినే అన్నం పెడతాను రమ్మంటే ఎవరన్నా ఇల్లొదిలి వత్తారా?"

"మరేం పెట్టాలి?"

"నాకేం తెలుసు? ఎల్లి పిల్లినడుగు."

రెండు రోజులు పెద్దదాని వెనకాలే తిరిగాను. అడిగినట్టే. పొద్దున్న గుమ్మంలో, ఎండ ముదిరితే గెడల కింద. చేపలు కోసే చోట పేగులు పడి ఉన్నా మూతి పెట్టేది కాదు. అయితే మిట్టమధ్యాహ్నం మాత్రం లేచి, ఒళ్ళు విరుచుకుని, పక్కింటి పిట్టగోడ మీద కూర్చునేది. అదే వేళకి అత్త తన దాలి మీద మూత తీసేది. దాలి అంటే పిడకల నిప్పు వేసిన గుంట. పొద్దుటినుంచి అందులో సన్నసెగ మీద కాగిన పాలకి ఎర్రటి మీగడ కట్టేది. ఆ వాసన గోడ దాటి వస్తుంటే పెద్దది కళ్ళు మూసుకుని, ముక్కు మాత్రం కదిలించేది. కొల్లేటి ఊళ్ళో పాడి ఉన్న ఇళ్ళు మూడే. పిల్లికి మీగడ ఎవరు పెడతారు?

అత్త రోజూ మా ఇంటికి ఒక చెంబు పాలు పోసేది. అమ్మమ్మ వాటిని ఉట్టి మీద పెట్టేది. పీట మీద పీట వేసి ఎక్కి, తాటాకు ముక్కతో మీగడ ఒక పక్కనుంచి గీరి పెద్దదానికి పెట్టాను. అది నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇన్నేళ్ళూ ఇది నీ దగ్గర ఉండి దాచావా అన్నట్టు చూసింది. మూడు రోజులు సాగింది దొంగతనం. మూడో రోజు అమ్మమ్మ ఉట్టి కింద నిలబడి పిలిచింది.

"అమ్మడూ, పాల మీద సగం మీగడుంది, సగం లేదు. పిల్లి తింటే అంత తిన్నగా గీత గీసినట్టు తింటదా?"

నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. అమ్మమ్మ తలుపు వెనక గీతలు చూసింది, ఆరు కొట్టేసి ఉన్నాయి.

"ఇంకా పన్నెండున్నాయి. ఊరికే తినిపిత్తే తిని పోద్ది. చిన్నది కనపడినప్పుడే మీగడ రావాలి, చిన్నది లేనప్పుడు ఉండకూడదు. అప్పుడు చిన్నదాని కోసం అదే ఎదురుచూత్తాది. వాకిట్లో ఆ చివర ఒక చిప్ప, ఈ చివర ఒక చిప్ప పెట్టు. రోజుకో మూర దగ్గరకి జరుపు."

మూర అంటే మోచేతి నుంచి వేలికొస దాకా. నా చేత్తో కొలిస్తే పన్నెండు రోజులకి పన్నెండు మూరలు చక్కగా కుదిరాయి. మొదటి రోజు మధ్య దూరం పన్నెండు, చివరి రోజుకి ఒకటి. ఒక్క మూరైతే కలిసినట్టే అంది అమ్మమ్మ. లెక్క అంత బాగా కుదరడం చూసి నాకు ధైర్యం వచ్చింది.

మొదటి రోజు పెద్దది చిన్నదాన్ని చూసి గుర్రుమంది, మీగడ చూసి మానేసింది. పదకొండు, పది, తొమ్మిది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ చిన్నదాన్ని గంపలోంచి తీసేది, నేను చిప్పలు పెట్టేదాన్ని. నాలుగో రోజుకల్లా పెద్దది ముందే వచ్చి తన చోట కూర్చోవడం మొదలెట్టింది. ఎనిమిది, ఏడు. తాతయ్య అరుగు మీద వల అల్లుకుంటూ తల ఎత్తకుండా, "ఇయ్యాలెంత?" అని అడిగేవారు.

ఏడో రోజు దూరం ఆరు. చిన్నదానికి ధైర్యమొచ్చింది. తన చిప్ప నాకేసి, తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి పెద్దదాని చిప్పలో మూతి పెట్టింది. అంతే. రెండూ ఒక్క ముద్దైపోయాయి. ఆ ముద్ద వాకిలంతా దొర్లింది. అమ్మమ్మ చెంబుడు నీళ్ళు పోస్తేగాని విడలేదు. చిన్నదాని చెవి చిరిగింది, పెద్దది రొప్పుతూ గెడల కిందికి పోయింది.

"మూడు మూరలు ఎనక్కి జరుపు," అంది అమ్మమ్మ.

"ఎనక్కా? రోజులు చాలవు!"

"చాలకపోతే చాలవు. భయమేసిన చోటే మళ్ళీ కూచోబెడితే ఆ భయమే నేర్చుకుంటాయి."

తొమ్మిదికి వెళ్ళాం. మిగిలినవి అయిదు రోజులు. తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు, అయిదు. ఎటునుంచి కూడినా వలలు ఉడకేసే రోజుకి అయిదు మూరల దూరం ఉండిపోతోంది. పలక మీద రెండుసార్లు వేశాను, గోడ మీద ఒకసారి వేశాను. అంకె మారలేదు. అప్పుడు తాతయ్య దగ్గరికెళ్ళి, "ఒకసారి చెయ్యి చాపండి తాతయ్యా," అని ఆయన మోచేతి నుంచి వేలికొస దాకా దారంతో కొలుచుకున్నాను. ఆయన మూరైతే దూరం మూడున్నర కూడా లేదు.

"అంకె తగ్గిందా?" అన్నారు ఆయన నవ్వకుండా.

"తగ్గింది."

"పిల్లులకి నా మూరో నీ మూరో తెల్దమ్మడూ."

ఇక చివరికి నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. వాసన కలవాలి కదా అని నాకు నేనే అనుకున్నాను. పదో రోజు, అంటే ఇంకా రెండు రోజులుండగా, పెద్దది వాకిట్లో మీగడ తింటున్నప్పుడు, గెడల కింద దాని పడకని, ఆ వల ముక్కని తీసుకెళ్ళి చిన్నదాని గంపలో వేశాను. చిన్నది దాని మీద సుఖంగా ముడుచుకుంది. పెద్దది తిరిగెళ్ళి చూసుకుంది. మూల ఖాళీ. చుట్టూ రెండుసార్లు తిరిగింది. గంప దగ్గరికొచ్చి లోపలికి చూసింది. ఈసారి కొట్టలేదు, అరవలేదు. గోడెక్కి, అత్త ఇంటి కప్పెక్కి, అవతలికి తిరిగి పడుకుంది. ఆ రోజు రాలేదు. మర్నాడు మీగడ చిప్ప చూపించినా రాలేదు. కింద చిప్ప పట్టుకుని నిలబడి, నా చేతులారా నేనే దాన్ని లంకకి పంపేశానని తెలిసి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని అత్త అడిగితే కంట్లో నలక పడిందన్నాను.

వలలు ఉడకేసే రోజు రానే వచ్చింది. ముందురోజే నలగ్గొట్టి నానబెట్టిన తుమ్మచెక్క, పెరట్లో మూడు రాళ్ళ మీద పెద్ద రాగి కాగు, కింద సరుగుడు మొద్దుల మంట. తెల్లారేసరికి కాగులో నీళ్ళు ఎర్రరంగు తిరిగాయి. ఆ వాసన చెప్పడం కష్టం. చేదుగా, తియ్యగా, తడి చెక్కపెట్టె తెరిచినట్టు ఉంటుంది. తాతయ్య ఒక్కో వలనీ ముంచుతూ, కర్రతో తిప్పుతూ, ఎత్తి ఆరబెడుతున్నారు. ఆ పనిలో ఆయనకి ఒక పట్టింపు ఉండేది. ఇంట్లో నూలు పోగన్నది ఉడక్కుండా మిగలకూడదు. చిన్న వలలు, చిక్కాలు, తాళ్ళు అన్నీ వెతికి తెచ్చి వేసేవారు. అలా వెతుకుతూ గంపలోకి చెయ్యి పెట్టి ఆ వల ముక్క తీశారు.

"తాతయ్యా, అది వద్దు!"

"వల ముక్కైనా వలే. వదిలేత్తే దీనికి పట్టిన పురుగు అన్నిటికీ పడతది," అంటూ కాగులోకి విసిరేశారు.

"అది పెద్దదాని పడక!"

ఆయన కర్ర ఆగింది. "ఇది చిన్నదాని గంపలోకెట్టా వచ్చింది?"

చెప్పాను. అమ్మమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అందుకా రెండ్రోజులై కప్పు దిగట్లేదు! దాని పక్కబట్ట నువ్వెత్తుకుపోయి సవితి పిల్లకిత్తే ఊరుకుంటదటే?"

తాతయ్య వల ముక్క తీసి పిండి, మిగతా వాటితో పాటు ఎండలో వేశారు. పదకొండేళ్ళ వాసన కాగులో కలిసిపోయింది. మధ్యాహ్నానికి ఆయన గంప కడిగి, మూత పక్కన పెట్టి, తడిగుడ్డ సిద్ధం చేసుకున్నారు. పొద్దు వాలాక, ఎండ తగ్గాక, దోనెలో బయల్దేరాలని. ఆ రోజు నేను చిప్పలు పెట్టనే లేదు. అయిదు మూరలైతేనేం, యాభై అయితేనేం, పిల్లి కప్పు మీద ఉంటే.

ఎండిన వలలన్నీ సాయంత్రం కొట్టులోకి చేర్చాం. దూలం మీద వేసే ముందు ఒక రాత్రి కింద కుప్పగా ఉంచడం మా తాతయ్య పద్ధతి. నా నడుమెత్తు కుప్ప. ఎండకి లోపల ఇంకా వెచ్చగా ఉంది. కొట్టంతా తుమ్మచెక్క వాసన తప్ప ఇంకో వాసన లేదు. నీచు లేదు, ఎలుకల వాసన లేదు, పిల్లి వాసన లేదు. నేను గుమ్మంలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాను.

మెత్తగా ఏదో నా పాదాలు రాసుకుంటూ వెళ్ళింది. పెద్దది. కప్పు మీంచి ఎప్పుడు దిగిందో చూడలేదు. గెడల కింద మూలకి వెళ్ళి వాసన చూసింది. కుప్ప చుట్టూ తిరిగింది, ఒక్కో వలనీ ముక్కుతో తడుముతూ, కొత్తింట్లోకి వచ్చినదానిలా. మొత్తం చూసుకున్నాక కుప్పెక్కి, వెచ్చటి చోటు చూసుకుని పడుకుంది. కాసేపటికి చిన్నది గుమ్మం దగ్గర తల పెట్టింది. అది కూడా వాసన చూస్తూ చూస్తూ కుప్ప రెండో చివర ఎక్కింది. పెద్దది తల ఎత్తింది. గుర్రుమనడం మొదలుపెట్టి, సగంలో మానేసి, తల దించేసింది.

నాకు తోచింది ఇది. నిన్నటిదాకా ఆ కొట్టు పెద్దదాని వాసనతో నిండి ఉంది, చిన్నది దాన్లోకి చొరబడేది. ఈ రోజు అది ఎవరిదీ కాదు. రెండూ ఒకేసారి కొత్తగా వచ్చాయి. మేం అన్ని రోజులు చేసింది వృథా అనను, చిన్నదాన్ని చూస్తే గుడ్లురమకుండా ఉండడం మీగడే నేర్పింది. అయినా తలుపు తెరిచింది మాత్రం తాతయ్య కాగు.

నేను బోర్లా పడుకుని, చప్పుడు కాకుండా, కుప్ప పక్కనే మోచెయ్యి ఆనించి కొలిచాను. వెనకాల నీడ పడింది. తాతయ్య. చేతిలో గంప.

"ఎంత?"

అబద్ధమాడదామనుకున్నాను. అంకెలతో నాకు చేతకాలేదు. "నాలుగున్నర."

"ఎవరి మూర?"

"నాదే."

ఒకటి కావలసిన చోట నాలుగున్నర. లెక్క ప్రకారం నేను ఓడిపోయాను. లేచి నిలబడ్డాను, గంపకి అడ్డంగా. ఆయన నా తల మీంచి కుప్ప కేసి చూశారు.

"నేనేమన్నానే ఆ రోజు?"

"రెండూ కొట్లో ఒక చోట ఉంటే ఉంటాయన్నారు."

"మరి ఉన్నాయిగా. మూరల మాట నేనెప్పుడన్నాను?" అని గంప గోడవారగా బోర్లించి, "ఏమే, అన్నం పెట్టు. ఎవరం ఎక్కడికీ ఎల్లట్లేదు," అంటూ ఇంట్లోకి వెళ్ళారు.

ఆయన మనసులో ముందునుంచీ దయ ఉందని, ఊరికే బెదిరించారని తర్వాత చాలామంది నాతో అన్నారు. నేనొప్పుకోను. ఆ సాయంత్రం పెద్దది కప్పు మీదే ఉండిపోయి ఉంటే తప్పకుండా దోనెక్కేది. ఆ మనిషి మాట అలాంటిది. ఆ మాట అంత కచ్చితం కాబట్టే, ఒక చోట ఉంటే చాలన్నది కూడా అంతే కచ్చితంగా నిలబడింది.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. ఏలూరులో మా ఇంటికి తాతయ్య రాయించిన ఉత్తరం వచ్చింది. లంకలో నీళ్ళెక్కి, ఆయన చెల్లెలి కుటుంబమంతా కోళ్ళతో, ఒక కుక్కతో దోనెల్లో మా అమ్మమ్మగారింటికి చేరిందట. తొమ్మిది రోజులున్నారట. ఆ తొమ్మిది రోజులూ కుక్కని వలల కొట్టు గుమ్మం ఎక్కనివ్వలేదట. పెద్దది ఒక పక్క, చిన్నది ఒక పక్క నిలబడితే, అంత కుక్కా వెళ్ళి వానలో తడుస్తూ కూర్చుందట. ఉత్తరం చివర, కొత్త చిల్లులు రెండే అని రాయించారు.

మరుసటి వేసవికి వెళితే చిన్నది పెద్దదైపోయింది. ఎలుకని పట్టేది అదే. పట్టి తెచ్చి కింద పెడితే పెద్దది తాపీగా లేచి వెళ్ళి ఆ ఎలుకని తను లాక్కుని, తనే పట్టినట్టు అమ్మమ్మ కాళ్ళ దగ్గర పడేసేది. చిన్నది ఏమీ అనేది కాదు. ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని పడుకోవడం మాత్రం నేను ఒక్కసారీ చూడలేదు. అలా మూడు వేసవులు.

మా మనవరాలు ఇదంతా విని, ఇంట్లో దిండు గలీబులు, దుప్పట్లు, కాళ్ళు తుడుచుకునే కాలిపట్టాలు అన్నీ ఒకేసారి మిషన్‌లో వేసి ఒకే సబ్బుతో ఉతికింది. నిన్న మధ్యాహ్నం పెద్ద పిల్లి ఫ్రిజ్ మీదికి పోకుండా సోఫా మీద పడుకుంది, చిన్నది కాలిపట్టా మీద. ఫోన్లో చూపించినట్టు అవి కౌగలించుకుని పడుకుంటే ఫొటో తీయాలని మనవరాలికి ఆశ. తొందరపడకని చెప్పాను.

అమ్మమ్మగారి ఊరికి వెళ్ళి ఏళ్ళయింది. గట్టు మీద ఇప్పుడు తారు రోడ్డు. కిక్కిస ఉన్న చోటల్లా చేపల చెరువులు, మేత బస్తాలు, ఐసు లారీలు. వలలు నైలానువి, వాటిని ఎవరూ ఉడకేయరు. మా ఇల్లున్న చోట కూడా చెరువే తవ్వారు. వలల కొట్టు ఎక్కడుండేదో చూపించమంటే గట్టు మీద నిలబడి నీళ్ళ కేసి వేలు చూపించాలి. పద్నాలుగు మూరల పొడవు, ఎనిమిది మూరల వెడల్పు, నా చేత్తో. అంత చోటు రెండు పిల్లులకి చాలదేమోనని ఆ వేసవంతా భయపడ్డాను.